మూత తీసేలోపు

"ముందు చేప వండు. మిగతావి తర్వాత," అన్నాడు భర్త ఫోన్‌లోంచి.

"చెల్లికి పాప పుట్టిందటండీ. గంటలో చూసి వచ్చేస్తాను."

"పాప ఎక్కడికీ పారిపోదు. నూనె ఎంత వేశావు? చెంచా చూపించు."

ఆమె చెంచా ఎత్తి చూపించింది. స్టవ్వుకి ఎదురుగా గోడకి బిగించిన స్టాండులో ఉంది ఆమె ఫోను. వంట మొదలైన దగ్గర్నుంచి అయ్యేదాకా వీడియో కాల్ నడవాల్సిందే. అతను జిమ్‌లో ట్రైనరు. అక్కడ ఎవరిచేతో బరువులెత్తిస్తూనే ఇక్కడ బాణలి మీద ఓ కన్నేసి ఉంచుతాడు. ఏమన్నా అంటే, "నీ ఆరోగ్యం కోసమేగా" అంటాడు.

ఆమె ఉల్లిపాయ, క్యారెట్, బీన్స్ ముక్కలు వేయించి, నానబెట్టిన దంపుడు బియ్యం వేసి, కొలిచి నీళ్లు పోసింది. చేప ముక్కలకి మిరియాల పొడి, నిమ్మరసం పట్టించింది. కూర వేరు, అన్నం వేరు అంటే అతనికి నచ్చదు. అన్నీ ఒకే బాణలిలో ఉడకాలి, అతను చెప్పినంతసేపే ఉడకాలి.

"రెండో చెంచా నూనె కూడా వేసిందిరా!" హాల్లోంచి అరిచింది అత్తగారు. వంటింటి గుమ్మానికి ఎదురుగా కుర్చీ వేసుకుని వెల్లుల్లి వలుస్తోందావిడ. వీధి తలుపు తాళంచెవి ఆవిడ బొడ్లో ఉంది. కొడుకు బయటికి వెళ్లిన క్షణం నుంచి తిరిగొచ్చేదాకా అది అక్కడే ఉంటుంది.

"వెయ్యలేదత్తయ్యా!"

"నాకు కళ్లు కనపడవనుకున్నావా?"

"అమ్మకి అబద్ధమాడాల్సిన అవసరమేంటి?" అన్నాడు అతను. "రేపు పొద్దున బరువు మిషను ఎక్కుతావుగా, తేలిపోతుంది. చెల్లీ లేదు, పాపా లేదు. నోరు మూసుకుని పని చూడు."

ఆమె కొంగుతో ముక్కు తుడుచుకుంది. కిటికీ వైపు చూసింది. ఇనుప చువ్వలు, వాటి అవతల చేతికందేంత దగ్గరలో పక్కింటి గోడ. స్టవ్వు ముందు ఫోన్‌లో అతని కళ్లు, గుమ్మం అవతల అత్తగారి కళ్లు. ఏడవడానికైనా ఈ ఇంట్లో చాటు లేదు.

బియ్యం సగం ఉడికాక చేప ముక్కల్ని పైన పరిచి, మూత పెట్టి, మంట తగ్గించింది.

"పద్దెనిమిది నిమిషాలు," అన్నాడు అతను. "మధ్యలో మూత తీశావో, చేప ఎండిపోతుంది. టైమయ్యాక నువ్వే తీసి నాకు చూపించాలి."

అత్తగారు మోకాళ్లు పట్టుకుంటూ లేచి వంటింట్లోకి వచ్చింది.

"తప్పుకో. అడుగంటించేలా ఉన్నావు. ఒరేయ్, ఇలా ముక్కు చీదుకుంటూ నిలబడితే వంటయినట్టే. నేను చూస్తాలే. దీన్ని పోయి బట్టలు మడతపెట్టమను."

"నువ్వుంటే నాకు దిగులేముందమ్మా!"

అత్తగారు ఎగ్జాస్ట్ ఫ్యాను వేసింది. పాత ఫ్యాను, మిల్లు తిరిగినట్టు దడదడలాడింది. ఆవిడ ఫోనుకి వీపు పెట్టి, కోడలి మోచెయ్యి పట్టుకుని గోడవారకి లాగింది. వెల్లుల్లి వాసనేస్తున్న వేళ్లతో తాళంచెవి తీసి కోడలి అరచేతిలో కుక్కింది.

"కింద నీలం కారు ఉంది. పోయి ఎక్కు."

కోడలు తాళంచెవి తిరిగి ఇచ్చెయ్యబోయింది. "నన్ను పరీక్షిస్తున్నారా అత్తయ్యా? నేనెక్కడికీ వెళ్లను. ఆయనకేం చెప్పకండి, మీకు దణ్ణం పెడతాను."

"పిచ్చిమొహమా! పదిహేడు నిమిషాలే ఉన్నాయి. అందాకా వాడు మూత చూస్తాడు. ఆ తర్వాత నీ మొహం కోసం చూస్తాడు."

"మీ అబ్బాయి కదండీ..."

"నా ఒక్కగానొక్క కొడుకు. వాడి సంగతి నాకంటే ఎవరికి తెలుసు?"

"మరి మీరు?"

"అరుస్తాడు. అరవనీ. చేప మాడకుండా నేను చూసుకుంటాను, నువ్వు పో."

"అమ్మా, ఏంటా మోత? ఫ్యాను ఆపు!" అన్నాడు ఫోన్‌లో.

"పొగరా నాయనా!" అంటూ ఆవిడ దగ్గడం మొదలెట్టింది. ఊపిరితిత్తులు ఊడి చేతికొచ్చేస్తాయేమో అన్నంత దగ్గు. ఆ దగ్గు చాటున తాళం తిరిగింది, తలుపు తెరుచుకుంది.

చెప్పులు వేసుకోవడం కూడా మరిచిపోయి కోడలు మెట్ల మీద పరిగెత్తింది. మూడంతస్తులు. ప్రతి మలుపులోనూ అతను ఎదురొస్తాడేమోనని ఆగి, కిందికి తొంగిచూసి, మళ్లీ పరిగెత్తింది. రోడ్డు మీద నీలం కారు ఇంజను ఆపకుండా ఉంది. వెనక తలుపు తెరిచే ఉంది. ఆమె ఎక్కి తలుపు వేసుకునేలోపే బండి కదిలింది.

నడుపుతున్నది ముప్పై అయిదేళ్ల ఆడమనిషి. జుట్టు పొట్టిగా కత్తిరించుకుంది.

"ముందు ఆసుపత్రికి వెళ్దాం. మీ చెల్లినీ పాపనీ చూద్దువు గాని. తర్వాత మా ఇంటికి. నీకు ఇష్టమైనన్నాళ్లు ఉండు," అంది ఆవిడ.

రెండు వీధులు దాటాక కోడలు ముందు సీటు వైపు వంగింది.

"మీరెవరండీ? మా అత్తయ్యకి ఏమవుతారు?"

ఆవిడ అద్దంలోంచి ఒకసారి వెనక్కి చూసింది.

"కోడల్ని," అంది. "నీకంటే ముందు కోడల్ని."