రేణుక ఇచ్చిన ఫొటో

మంజునాథ్ కంప్యూటర్ తెరను ఒక్కసారి చూసి తల తిప్పేసుకున్నాడు.

"ఈ మొగం వద్దు మేడం," అన్నాడు.

లావణ్య తెల్లబోయింది. హెచ్‌ఎస్‌ఆర్ లేఅవుట్‌లోని ఆ ఆఫీసులో నాలుగేళ్లుగా ఆమె పని ఇదే. ప్రమాదాల్లో మొహం ఎముకలు విరిగినవాళ్ల స్కాన్లు తీసుకుని, ఆ ముక్కలను తెరమీద అతికించి, ఆపరేషన్ తర్వాత మనిషి ఎలా ఉంటారో ముందే చూపిస్తుంది. ఆ కొలతలతోనే ఎముకలకు బిగించే ప్లేట్లు తయారవుతాయి. తెర చూసి ఏడ్చినవాళ్లున్నారు, దండం పెట్టినవాళ్లున్నారు. వద్దన్నవాడు ఇతనొక్కడే.

ఇతని భార్య రేణుక ఎక్కిన ఆటోను బొమ్మసంద్ర దగ్గర లారీ గుద్దింది. ఒక చెంప బాగుంటే దాన్నే తిప్పి రెండోవైపుకు కొలత తీసుకోవచ్చు. ఆమెకు రెండువైపులా ఎముకలు విరిగాయి. ఇక పాత ఫొటోయే దిక్కు. దవడలు తీగతో కట్టేయడంతో ఆమె మాట్లాడలేదు. ఫొటో అడిగితే పర్సులోంచి ఒకటి తీసి లావణ్య చేతిలో పెట్టింది. పట్టుచీర, నిండు నవ్వు, చక్కని మనిషి. నుదురు, కంటి గుంటలు స్కాన్‌కు బాగానే కుదిరాయి. గడ్డం ఒక్కటే మొండికేసింది. విరిగిన గడ్డం మొండికేయక ఏం చేస్తుంది అనుకుంది లావణ్య.

"ఎందుకు వద్దు?"

"ఆమె ఇట్ల ఉండదు." మంజునాథ్ జేబులోంచి ఆధార్ కార్డు తీశాడు. "దీంట్లో ఉండేట్ల చేయండి."

లావణ్యకు నవ్వొచ్చింది. ఆధార్ ఫొటోలో తనలా తానున్నవాళ్లు దేశంలో ఎవరున్నారు? లావణ్య కార్డు చూసి ఆమె కన్నతల్లే గుర్తుపట్టలేదు.

"ఇది మీ ఆవిడ స్వయంగా ఇచ్చిన ఫొటో అండీ."

అతని మొహంలో నెత్తురు చుక్క లేదు. లేచి వెళ్లిపోయాడు.

లావణ్యకు ఒళ్లు మండింది. పెళ్లాం చక్కగా ఉంటే ఓర్వలేని మగవాళ్లను ఆమె ఎరుగును. ఆసుపత్రిలో నర్సు ప్రిస్కిల్లాకు ఫోన్ చేసింది.

"రోజూ వస్తాడు మేడమ్," అంది ప్రిస్కిల్లా. "జ్యూసు, జావ అన్నీ తనే పట్టిస్తాడు. ఆవిడ మొహం వంక మాత్రం చూడడండి. గోడకేసి చూస్తా ఉంటాడు."

ఇంకేం కావాలి? మనసులో ఏదో పెట్టుకున్నాడు. మర్నాడు ప్లేట్లు తయారీకి వెళ్లాలి. ఒకసారి బిగించాక ఆ మనిషికి జీవితాంతం అదే మొహం. మొగుడి మాట విని తప్పు కొలతలు పంపితే ఆ పాపం తనదే.

సాయంత్రం లావణ్య వార్డుకు వెళ్లింది. మంజునాథ్‌ను బయటికి పంపి ప్రిస్కిల్లాచేత తలుపు వేయించింది.

"రేణుకగారూ, మీవారు ఈ మొహం వద్దంటున్నారు. భయపడకుండా చెప్పండి. ఆయన మిమ్మల్ని ఏమైనా బాధపెడుతున్నారా?"

రేణుక దుప్పటి అంచు నలిపింది. తర్వాత రాసి చూపించడానికి మంచం పక్కన పెట్టిన పలక తీసుకుంది. ఈ ఊళ్లోనే, కాటన్‌పేటలో పుట్టి పెరిగిన మనిషి. ఇంట్లో తెలుగే అయినా బడిలో నేర్చింది కన్నడ. కన్నడ అక్షరాల్లోనే తెలుగు రాసింది. రెండుసార్లు చెరిపింది, మళ్లీ రాసింది. గుంటూరు నుంచి వచ్చిన ప్రిస్కిల్లాకు ఒక్క ముక్కా అర్థం కాలేదు. పలక లావణ్య అందుకుని, నాలుగేళ్లలో వచ్చీరాక నేర్చిన కన్నడ అక్షరాలు కూడబలుక్కుంటూ చదివింది.

"ఆ ఫొటోలో ఉండేది నేను కాదు మేడం, ఆయప్ప మొదటి పెండ్లాము, చచ్చిపోయిన మా అక్క, ఆ మొగం ఉంటేనన్నా నా తట్టు చూస్తాడని నేనే ఇస్తిని."