గుర్రం పరీక్ష

వెంకటరాజుగారు తెల్లారకముందే లేచి, కోతలైన చేలోకి వెళ్లి, గుర్రం దూకాల్సిన వెదురుగడను జానెడు కిందికి దింపి కట్టించి వచ్చారు. కన్నకొడుకు కోసం ఆమాత్రం చేయని తండ్రి ఉంటాడా?

కొడుకు బంగార్రాజు రాజమండ్రి హైస్కూల్లో మెట్రిక్యులేషన్ గట్టెక్కాడు. డెహ్రాడూన్‌లో జమీందారుల బిడ్డల కోసం దొరలు కొత్తగా సైనిక శిక్షణాలయం పెట్టారు. అందులో చేరడానికి ఇంగ్లీషు, లెక్కలు, డాక్టరు పరీక్ష, అన్నిట్లోనూ కుర్రాడు నెగ్గాడు. మిగిలింది గుర్రపు స్వారీ ఒక్కటే. ఆ ఒక్కటే కొంప ముంచేలా ఉంది.

ఎందుకంటే బంగార్రాజుకి గుర్రమంటే హడల్. సకిలింపు వినబడితే చాలు, అన్నం ముందు నుంచి కూడా లేచిపోయేవాడు.

వెంకటరాజుగారి ముత్తాత యుద్ధంలో తిప్పిన కత్తి ఇప్పుడు వంటింట్లో పనసకాయలు కొడుతోంది. దాన్ని మళ్లీ ఈ ఇంటి మగవాడి నడుమున చూడాలని ఆయన ఆశ. జమీ చిన్నది గానీ ఆశ చిన్నది కాదు. ఈ ఏడు తప్పితే కుర్రాడికి వయసు దాటిపోతుంది.

నలుగురూ నవ్వుతారని, రాణివాసపు పెరట్లో ఎత్తు గోడల మధ్య సాధన చేస్తానన్నాడు బంగార్రాజు. తండ్రిని కూడా తొంగిచూడవద్దన్నాడు. వెంకటరాజుగారు గోడ ఇవతల కుర్చీ వేయించుకుని డెక్కల చప్పుడు వినేవారు. మొదటి నెల నడక. రెండో నెల పరుగు. మూడో నెలకి ధనాధన్‌మని దూకుళ్లు. వింటూ మీసం దువ్వుకునేవారు.

కూతురు రామతులసి ఘోషాలో ఉండే పిల్ల. పరాయి మగాడి కంట పడదు. ఆ గుర్రానికి చిన్నప్పటి నుంచీ దాణా పెట్టింది ఆమే. తమ్ముడి పరీక్ష చూస్తానని పట్టుబడితే, నాలుగు వైపులా తెరలు దించిన మేనాలో తెచ్చి చేనిగట్టున దింపించారు.

"అమ్మాయిగారు ఈమధ్య బాగా బరువెక్కారండి," అన్నాడు బోయీల్లో ఒకడు, రొప్పుతూ.

వెంకటరాజుగారు కళ్లెర్రజేశారు.

ఏకాదశి కదా, కూతురు ఏమీ ముట్టదేమో అనుకుంటూనే ఆత్రేయపురం పూతరేకుల బుట్ట ఒకటి తెర కిందనుంచి లోపలికి పంపారు. పావుగంటకల్లా బుట్ట ఖాళీగా బయటికొచ్చింది. తమ్ముడి మీద బెంగతో పిల్ల తిథి కూడా మరిచిపోయింది పాపం, అనుకున్నారు.

బారెడు పొద్దెక్కాక పరీక్ష చేసే దొర వచ్చాడు. వెంట దుబాసీగా, బంగార్రాజుకి చదువు చెప్పిన హైస్కూలు మేష్టారు సామ్యేలుగారు. దొర తిన్నగా వెదురుగడ దగ్గరికి వెళ్లి, చేతికర్రతో కొలిచి, పెదవి విరిచి, గడను పైకి కట్టించాడు. జానెడు కాదు, రెండు జానలు.

అంతలో గుర్రం వచ్చింది. పైన తలపాగా, పొడుగు కోటు. చేలో దుమ్ముకి కాబోలు, తలపాగా కొస ముక్కు మీదుగా చుట్టి ఉంది. తండ్రి వైపు ఒక్కసారి తల ఊగింది, అంతే. భయంతో నోరు పెగలడం లేదనుకున్నారాయన.

సామ్యేలు మేష్టారికేమైందో, గుర్రాన్ని వదిలేసి, గాలికి తెర కాస్త కదిలిన మేనా వంకే చూస్తున్నారు. ఘోషా మేనా వైపు పరాయి మగాడు కన్నెత్తకూడదని అంత చదువుకున్న మనిషికి తెలీదా?

"మేష్టారూ, పరీక్ష ఇటండి!"

"చిత్తం... ఇటేనండి, ఇటేనండి," అంటూ ఆయన ముఖం తుడుచుకున్నారు.

దొర రుమాలు ఊపాడు. గుర్రం నడిచింది, పరిగెత్తింది, గడ వైపు తిరిగింది. వెంకటరాజుగారు కళ్లు మూసుకున్నారు. ధన్‌మని చప్పుడు. కళ్లు తెరిస్తే గడ కట్టింది కట్టినట్టే ఉంది, గుర్రం అవతలుంది. అంతటితో ఆగిందా? పంటకాలవ దూకి, అవతలి గట్టు మీద ఒక చుట్టు తిరిగి, మళ్లీ కాలవ దూకి వచ్చి దొర ముందు నిలబడింది. జనం ఈలలు వేశారు. దొరకి గుర్రం మీంచి ఒక సలాం అందింది. ఆయన నోరు విప్పేలోగా గుర్రం ఇంటిదారి పట్టింది.

దొర ఇంగ్లీషులో గడగడా ఏదో అన్నాడు.

"ఏమంటున్నారండి దొరగారు?"

"ఇరవయ్యేళ్ల సర్వీసులో ఇలాంటి స్వారీ చూడలేదంటున్నారండి. నెగ్గినట్టేనండి." మేష్టారి గొంతు ఎందుకో పీలగా వచ్చింది. "ఈ రౌతుని మరొకరి వెంట పంపరటండి. రేపు పొద్దున రాజమండ్రి రైలు దాకా తన పడవలోనే, అక్కణ్ణుంచీ తనే దగ్గరుండి తీసుకెళ్తారట."

వెంకటరాజుగారికి ఏడుపూ నవ్వూ కలిసే వచ్చాయి. పనసకాయల కత్తికి ఈ రాత్రే సాన పట్టించాలనుకుంటూ మేనా దగ్గరికి పరుగెత్తారు.

"అమ్మా తులసీ! చూశావా మీ తమ్ముణ్ణి?"

లోపల ఉలుకూ పలుకూ లేదు. సంతోషం పట్టలేక ఏడుస్తోంది కాబోలు. కన్నతండ్రికి ఘోషా ఏమిటని ఆయన తెరని జానెడు పక్కకి తప్పించారు.

లోపల అక్కగారి పట్టుచీర కట్టుకుని, నూనూగు మీసం నిండా పూతరేకుల పంచదారతో, బంగార్రాజు రెండు చేతులూ జోడించి కూర్చుని ఉన్నాడు.