గుయ్‌మనే ఇనుము

"స్తంభాల కింద నుంచి లెవ్వమ్మా. ట్రాన్స్‌ఫార్మర్ దించాలె," అన్నాడు ఇంజనీరు శ్రీధర్.

"లెవ్వను," అంది గ్రేస్. "గోదారి ఒడ్డున రిసార్టుకు ఏసీలు కావాలని మా బోరు నీళ్లు బందు చేస్తరా?"

దుమ్ముగూడెం అవతల ఆ అడవి గూడేనికి ఉన్నది ఆ ఒక్క ట్రాన్స్‌ఫార్మరే. అది పోతే మోటారు తిరగదు. మళ్లీ వాగు చెలమలే గతి. అందుకే ఊరంతా వచ్చి దాని కింద బైఠాయించింది. ముందు వరసలో చర్చి పాటల బృందంలోని మగవాళ్లు. వాళ్లకు పాట నేర్పేది గ్రేసే. ఆమె గొంతు పెద్దది, కోపం ఇంకా పెద్దది.

"అది ఎప్పుడూ గుయ్‌మంటది ఎందుకు సార్?" అడిగింది.

పాఠం చెప్పడమంటే శ్రీధర్‌కు మహా సరదా. "ఎండకు ఇనుము సాగుతది గదా! అయస్కాంతానికి గూడ గట్లనే, కంటికి కనబడనంత. కరెంటు ఉన్నంతసేపు లోపలి ఇనుప రేకులు సాగుతయ్, ముడుచుకుంటయ్. గదే మోత. మోత ఆగితే లైను చచ్చినట్టు."

"ఆగకపోతే?"

"ముట్టుకున్నోడు చస్తడు," అంటూ సబ్‌స్టేషన్‌కు ఫోన్ చేసి లైన్లో కరెంటు తీయమన్నాడు.

"అయితే మేం ప్రార్థన చేసుకుంటం," అని గ్రేస్ రెండు చేతులూ పైకెత్తింది. అందరూ తలలు వంచి, పెదవులు బిగించారు.

లైన్‌మన్ లాలు నిచ్చెన సగం ఎక్కి ఆగిపోయాడు. "సార్, ఇంకా గుయ్‌మంటంది."

శ్రీధర్ మళ్లీ ఫోన్ చేశాడు. ఎప్పుడో తీసేశామన్నారు.

"ఎక్కు లాలూ!"

"నేనెక్క సార్. లైను తీసినమంటే నమ్మి మా అన్న ఎక్కిండు. శవమై దిగిండు." లాలు కిందికి దిగేశాడు.

శ్రీధర్ చెవి రిక్కించాడు. మోత నిజమే. ఎవరో ఇంట్లో జనరేటర్ పెట్టి లైన్లోకి ఎదురు కరెంటు పంపుతున్నారనుకున్నాడు. అంతమంది మధ్య ఇళ్లు సోదా చేసే ధైర్యం మాత్రం లేకపోయింది.

"రేపు పోలీసులతోని వస్త!"

"రాండ్రి," అంది గ్రేస్. ఎత్తిన చేతులు మాత్రం దించలేదు. "రేపూ ఈడనే ఉంటం. రేపూ ప్రార్థన చేస్తం."

జీపు మలుపు తిరిగి కనుమరుగైంది. గ్రేస్ చేతులు దించింది.

మోత ఆగింది. పాటల బృందమంతా ఒక్కసారిగా ఊపిరి పీల్చుకుంది.