మడత విప్పని అర్జీ

నాలుగో తరగతి గది ఆ గురువారం మునిసిపల్ ఆఫీసైపోయింది.

పౌరశాస్త్రం చదివి వినిపిస్తే పిల్లల బుర్రకెక్కదని, కొత్త టీచరమ్మ బెంచీలు గుండ్రంగా వేయించి రోడ్లు, నీళ్లు, దీపాలు అంటూ జట్లు కట్టించింది. క్షణంలో అందరూ అధికారులైపోయారు.

"టీచర్, అర్జీ ఇవ్వడానికి జనమే లేరు!" అంది చైర్మన్ పిల్ల.

"కిటికీ తాతను పిలుద్దాం టీచర్!"

ఆ ముసలాయన రోజూ కిటికీ బయట నిలబడి పాఠం వింటుంటాడు. ఎవరో, ఏమిటో టీచరమ్మ ఎన్నడూ అడగలేదు.

తాత లోపలికొచ్చి, కిటికీ పక్క బెంచీ వెతుక్కుని మరీ కూర్చున్నాడు.

"మీ సమస్య ఏంటండీ?" అంది చైర్మన్ పిల్ల.

"బడి గేటు ముందు లారీలు ఆగవమ్మా. స్పీడ్ బ్రేకర్ వేయించాలి."

"నోటితో చెబితే కుదరదు. రాసివ్వండి."

తాత జేబులోంచి నలిగిన కాగితం తీశాడు. ముందే రాసి తెచ్చాడే అని టీచరమ్మ ముచ్చటపడింది.

రోడ్ల జట్టు ఆయాను వెంటబెట్టుకుని గేటు దాకా వెళ్లొచ్చింది.

"పది నిమిషాల్లో పదకొండు లారీలు టీచర్!"

"మరి సైకిళ్లు ఎగిరిపడవా?"

"నెమ్మదిగా తొక్కితే ఎందుకు పడతావ్?"

అందరూ చేతులెత్తారు. అసలు ఆఫీసులో లాగే, మడతైనా విప్పకుండా ముద్ర పడింది: మంజూరు.

తాత వెక్కివెక్కి ఏడ్చాడు.

"ఎంత బాగా నటించారండీ!" టీచరమ్మ చప్పట్లు కొట్టింది. పిల్లలూ కొట్టారు.

"అమ్మా, బడి తరఫున ఒక్క సంతకం..."

"అలాగేలెండి తాతగారూ, ఫైల్లో పెడతాం."

"మరిచిపోరుగా?"

"అయ్యో, ఎందుకు మరిచిపోతాం!" ఆమె నవ్వుతూ కాగితం అందుకుంది.

తాత రెండు చేతులూ జోడించి వెళ్లాడు.

తర్వాత మూడు వారాలు కిటికీ దగ్గర ఎవరూ లేరు.

"ఆయన మంచానపడి పోయారమ్మా, పది రోజులైంది" అంది ఆయా.

టీచరమ్మ బీరువాలోంచి ఆటల ఫైలు తీసి, మొదటిసారి ఆ మడత విప్పింది. వెనకవైపు ఆరు అసలు ఆఫీసుల ముద్రలున్నాయి. అన్నీ తిరస్కరించినవే. చివరి ముద్ర కింద ఎవరో గుమాస్తా రాశాడు: 'బడివారి సంతకం తెస్తే వెంటనే వేయిస్తాం.'

ఆమెకు ఏడుపు ఆగలేదు. కాగితం తిప్పింది.

'అయ్యా, ఈ గేటు ముందే లారీ కింద పడి పోయిన నాలుగో తరగతి పాపకు, కిటికీ పక్క బెంచీలో కూర్చునే పాపకు, నేను తాతను.'