రెక్క దొంగ

ఊరంతా ఆదివారం భోజనాలు చేసి కునుకు తీస్తున్న వేళ, లెయార్కో తన బావ కారు వెనక రెక్కను దొంగిలించడానికి బయలుదేరాడు.

పందెం ఆ సాయంత్రమే. ఇమోలా పట్నం అవతల కాలవ పక్కన తిన్నటి రోడ్డు మీద లెయార్కో రేసు మోటార్‌సైకిలు ముందు గీత దాటుతుందా, చెల్లెలి మొగుడు డెల్మో నడిపే ఒంటి సీటు రేసు కారా అన్నది తేలాలి. లెయార్కో తండ్రి వదిలిపోయిన షెడ్డులో ఒక్క బండికే చోటుంది. ఓడినవాడి బండి కోళ్ళ పాకకి పోవాలి. లెయార్కోకి ఇంట్లో పలకరించే దిక్కు ఆ మోటార్‌సైకిలొక్కటే.

"రేసు ముస్తాబుతోనే రావాలి. ఒక్క బోల్టు తీసినా ఒప్పుకోను" అని షరతు పెట్టిందీ అతనే. పొద్దున ప్రార్థన అయ్యాక ఫాదర్ ఎజియో రెండు ఇంజన్ల మీదా కొవ్వొత్తి మైనంతో ముద్ర వేశాడు. ఇక పందెం దాకా సొంత బండిని ముట్టుకున్నవాడు ఓడినట్టే.

"మొదట్లో నీదే ముందుంటుంది బావా, తేలిక కదా" అని డెల్మో వారమంతా ఊరించాడు. "తర్వాత నా రెక్క ఉంది. కారుని నేలకి అదిమిపట్టేది అదే."

"కోడికీ ఉన్నాయి రెక్కలు. ఎంత దూరం ఎగిరిందేం?" అన్నాడు లెయార్కో. అన్నాడే గానీ నిద్ర పట్టలేదు.

పాత దెబ్బకి అతని వేళ్ళు వంకరపోయాయి. పానా సరిగా పట్టవు. అయినా ఆ మధ్యాహ్నం కారు రెక్క బోల్టులు వెన్నలో తిరిగినట్టు తిరిగాయి. దేవుడి దయ అనుకుని, రెక్కను కోళ్ళ పాకలో గడ్డి కింద దాచాడు.

సాయంత్రం కారుని చూసి డెల్మో తల పట్టుకున్నాడు.

"వాయిదా వేద్దామా?" అన్నాడు ఫాదర్.

"వద్దులెండి. ఓడితే ఓడతాను."

జెండా ఊగింది. మోటార్‌సైకిలు దూసుకుపోయింది. ముందు చక్రం గాల్లోకి లేస్తుంటే లెయార్కో కాస్త తగ్గించక తప్పలేదు. సగం దారి దాకా పక్కన ఎవరూ లేరు. తర్వాత చెవిలో గర్జన. గీత దాటేసరికి కారు మూరెడు ముందుంది.

లెయార్కో తలవంచుకుని బండిని కోళ్ళ పాకకి తోసుకెళ్ళాడు. అక్కడ డెల్మో వేడి రొట్టెతో కూర్చుని ఉన్నాడు.

"తిను, మీ చెల్లెలు పంపింది. పైకప్పు మొన్ననే బాగు చేయించాను. నీ బండి మీద చుక్క పడదు."

లెయార్కో గడ్డి వైపు చూశాడు. "బావా, ఆ రెక్క..."

"గడ్డి కింద ఉంది, చూశాను. అది మలుపుల్లో పనికొస్తుంది గానీ తిన్నటి దారిలో గాలికి అడ్డం. తీసేద్దామంటే నీ షరతొకటాయె." డెల్మో రొట్టె తుంచి ఆ వంకర వేళ్ళ మధ్య పెట్టాడు. "అందుకే ముద్ర పడకముందే బోల్టులు వదులు చేసి ఉంచాను, నీ చేతికి నొప్పి పుట్టకూడదని."