రాలిపోయిన ప్లస్

"ఫ్రిజ్‌లో బి పాజిటివ్ పదకొండు బ్యాగులున్నాయి. నీ పేజీ ఒక్కటీ లేదంటోంది! కాన్పు గదిలో మనిషిని పెట్టుకుని ఓ ఆసుపత్రి నర్సు ఊరంతా ఫోన్లు చేసింది. చివరికి ఇక్కడికి మనిషిని పరిగెత్తిస్తే గానీ సంగతి బయటపడలేదు." బ్లడ్ బ్యాంకు డాక్టరమ్మ గొంతు నాలుగు గదులు దాటింది. "పన్నెండింటికల్లా బాగవకపోతే దాన్ని మూసెయ్. మన పాత పద్ధతే నయం."

ఇంజనీరమ్మాయి లాప్‌టాప్ ముందుకు లాక్కుంది. ఏ ఆసుపత్రి వాళ్ళైనా ఫోన్లోనే రక్తం నిల్వలు చూసుకునేలా, ఎన్నో ఏళ్ళుగా నడుస్తున్న పాత సర్వర్‌కి వెబ్ పేజీని కలిపింది తనే. తెరిచింది ఇవాళ పొద్దున్నే. రాసినదంతా మూడుసార్లు తిరగేసింది. ఎక్కడా తప్పు కనబడలేదు. ఇక తప్పంతా ఆ పాతదానిదేనని తేల్చేసుకుంది.

"అది రాసిన మాస్టారు రిటైరై ఇంట్లో ఉన్నారు," అంటూ డాక్టరమ్మ నంబరిచ్చింది.

రెండో రింగుకే ఎత్తారాయన.

"మీ సర్వర్ అబద్ధం చెబుతోంది మాస్టారూ," అనేసి, వెంటనే నాలిక కరుచుకుంది.

ఆయన నొచ్చుకోలేదు. "చెప్పినా చెబుతుందమ్మా, వయసైంది కదా. ఏ గ్రూపు?"

"బి పాజిటివ్. లేదంటోంది."

"బి నెగటివ్ అడిగి చూడు."

"రెండున్నాయంటోంది."

"ఓ పాజిటివ్?"

"లేదు."

"ఓ నెగటివ్?"

"మూడు."

అవతల చిన్న నవ్వు వినబడింది. "నీ పేజీ గ్రూపు పేరుని వెబ్ అడ్రసు చివర తగిలించి పంపుతోందా?"

"అవునండీ."

"అక్కడ ప్లస్ గుర్తు పెడితే ఖాళీ జాగా అని అర్థం తల్లీ. మైనస్‌కి ఆ బాధ లేదు. దారిలో ప్లస్ రాలిపోయి, మావాడికి ఉత్త 'బి' అందుతోంది. ఉత్త 'బి' రక్తం ఎవరి ఒంట్లో ఉంటుంది చెప్పు? లేదనే అంటాడు పాపం."

ఆమె కుర్చీలోంచి సగం లేచిపోయింది. పొద్దుట్నించీ తను తలబద్దలు కొట్టుకుంటున్నదాన్ని ఈయన ఇంట్లో కూర్చుని నాలుగు ప్రశ్నల్లో పట్టేశారు. ప్లస్‌ని కోడ్‌గా మార్చి పంపేలా ఒక్క లైను సరిచేసింది. బి పాజిటివ్, పదకొండు. ఓ పాజిటివ్, పంతొమ్మిది.

భుజం మీదుగా చూస్తున్న డాక్టరమ్మ వెళ్ళి, అన్ని ఆసుపత్రులకూ పేజీ వాడుకోవచ్చని కబురు చేసింది.

"వచ్చేసింది మాస్టారూ! మీకు చేతులెత్తి మొక్కాలి. ఆడిపోసుకున్నందుకు మన్నించండి."

"అదేం మాటమ్మా! ఇన్నాళ్ళూ మూల గదిలో పడున్న మా సర్వర్‌ని నలుగురిలోకి తెచ్చావు. ఆ లింకు ఇలా పంపు, నేనూ ఓసారి వాడతాను."

రెండు నిమిషాల్లో ఆయనే ఫోన్ చేశారు. "భేషుగ్గా ఉందమ్మా. అడగ్గానే పలుకుతోంది. ఒక్కటే లోటు. వెతికే బటన్‌కి పేరు పెట్టడం మరిచావు."

"దాని మీద భూతద్దం బొమ్మ పెట్టాను కదండీ. చూడగానే తెలిసిపోతుందని..."

"చూసేవాళ్ళకి తెలుస్తుంది తల్లీ. నా ఫోను పైకి చదివితే మాత్రం 'బటన్' అని ఊరుకుంటోంది. ఆ సర్వర్ రాయడం మొదలుపెట్టడానికి రెండేళ్ళ ముందే నాకు చూపు పోయింది."