వానలో ఎగిరిన తూనీగ

నల్లచారల తూనీగలు వాలితేనే ఆ కొండ ఊళ్లో వాగునీళ్లు తాగుతారు. గని తవ్వకం మొదలయ్యాక అవి మాయమయ్యాయి. నిరుడు, గనిలో పనిచేసే దొన్ను "తూనీగలు మళ్లీ వచ్చినాయి, తాగొచ్చు" అని భార్య సొనాయితో చెప్పాడు. ఆమె నమ్మి పిల్లలకూ ఆ నీళ్లే పట్టింది.

ఇవాళ జోరువానలోనూ ఒక తూనీగ వాగు మీద తిరుగుతూనే ఉంది. వానకు ఆకుల చాటుకు చేరని తూనీగను సొనాయి ఎన్నడూ చూడలేదు. ఒడిసి పట్టుకుంది. ఫోనులా వెచ్చగా ఉంది. రెక్కల మొదట్లో సన్నటి తీగలున్నాయి.

దాన్ని తెచ్చి, అన్నం తింటున్న దొన్ను ముందు పెట్టింది.

"నీకు ముందే తెల్సా?"

"ఇప్పుడు ఏ గెడ్డ, ఏ వాగు మీద సూసినా ఇయ్యేనే. జనానికి ధైర్యంగా ఉంటాదని గనోళ్లే వదుల్తన్నారు."

అంటూనే అతనికి పొలమారింది. సొనాయి చెంబుతో వాగునీళ్లు అందించింది. దొన్ను ఆ చెంబు ముట్టకుండా, రోజూలాగే గని నుంచి తెచ్చుకున్న నీళ్ల సీసా మూత తిప్పాడు.